టీకి పోయిన డ్రైవరు వంతు

మా కడప ఆఫీసులో నా పని, యాప్‌లో తెర ఎలా కనిపించాలో, ఏది నొక్కితే ఏం జరగాలో రాసి ఇవ్వడం. అది చదివి యాప్ తయారుచేసేది బెజవాడ నుంచి వచ్చిన ప్రోగ్రామరు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లోడు కోసం వరసలో నిలబడే లారీలకు మేం టోకెన్ల యాప్ చేశాం. మొదటి పరీక్ష రోజే రభస. టీ తాగి వచ్చిన ఒక డ్రైవరు ఫోను చూసుకుంటే, అతని లారీ వరసలో చిట్టచివర ఉంది.

“ఎవురప్పా దీన్ని చేసింది? పొద్దన్నించీ ఈడనే ఉండా. టీ తాగినందుకు ఎనక్కి తోస్తారా?” అని మా మీదికి వచ్చాడు.

నేను ప్రోగ్రామరు మీదికి వెళ్ళాను.

“డ్రైవరు లేకపోతే వెనక లారీని పిలవమని రాశారండీ. లేనివాణ్ని ఏం చెయ్యాలో రాయలేదు,” అన్నాడతను.

“అది గూడా రాయాల్నా? వచ్చినాక తర్వాతి వంతు ఆయప్పదే. ఎవురికి తెలీదు?”

“మా వైపు చివరికే పంపుతారండీ.”

అటువంటి ఊళ్ళో మనుషులకు టీ గొంతు ఎలా దిగుతుందో!

లారీ ఓనర్ల పెద్ద ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. అదీ పోతే పని హైదరాబాదు కంపెనీకి పోతుంది. మా యజమాని నాకు ఒకటే షరతు పెట్టాడు: “ఈసారి నోటితో ఏమీ చెప్పొద్దుమ్మా. కాగితంలో ఏముంటే ఆయప్ప అదే చేస్తాడు.” అన్నం మానెయ్యమన్నా నాకు ఇంత కష్టం కాదు.

సరే, రాశాను. ఒక్కో తెర బొమ్మ గీసి, కింద డ్రైవరుకు ఏం కనిపించాలో, మనిషి అక్కడ లేకపోతే ఏం జరగాలో రాశాను. ‘పెద్ద అక్షరాలు’ కొట్టేసి, ‘ఎండలో చెయ్యి చాపి పట్టుకున్నా చదవగలిగేంత’ అన్నాను. టీ సంగతికి ఏకంగా ఒక పేజీ ఇచ్చాను: తిరిగొచ్చిన డ్రైవరు ‘వచ్చాను’ అని నొక్కగానే, ఇప్పుడు లోపలికి పోతున్న లారీ తర్వాత అతనిదే వంతు. కారణం అడగకూడదు.

ప్రోగ్రామరు చదువుతున్నంతసేపూ నోరు నొక్కుకుని కూర్చున్నాను. అతను ఒక్క ప్రశ్నా అడగలేదు. సంతోషించాలో అలగాలో తెలియలేదు.

మళ్ళీ పరీక్ష పెట్టిన రోజు, ఆ డ్రైవరే కావాలని టీకి పోయాడు. నింపాదిగా వచ్చి ‘వచ్చాను’ నొక్కాడు. ఫోను ఎండలో చాపి పట్టుకుని చదివి, “తర్వాత నాదేనంట! ఇంగో టీ పెట్టప్పా!” అని టీ బండి వైపు కేకేశాడు. ఓనర్ల పెద్ద పడీపడీ నవ్వి, అన్ని లారీలకూ ఇదే పెట్టమన్నాడు.

ప్రోగ్రామరు మెల్లగా నా పక్కకు జరిగాడు. “మేడమ్, ఈసారి పిలిచినప్పుడూ ఈయన టీ బండి దగ్గరే ఉంటేనో?”

అది రాయలేదు. నోరు తెరిచాను. యజమాని ఎదురుగానే ఉన్నాడు. మూసుకుని, సంచిలో పెన్ను వెతుక్కున్నాను.