ఎర్రయ్య మామ తల దించిన వారం

మా ఎర్రయ్య మామ మంచానికి తల పెట్టేవైపు నులక విప్పుతుంటే ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "బంగారమసోంటి మంచాన్ని ఖరాబు చేస్తున్నవు గదనే, నీ చేతులిరగ!" అని మొదలుపెట్టి నా పుట్టింటి దాకా వెళ్లాడు. అదంతా నేలవైపు చూస్తూనే. నేను వినలేదు. ముఖం పట్టేంత సందు చేసి, గుచ్చుకోకుండా అంచుకు పాత చీర చుట్టి, "ఇగ పండు బోర్లా" అన్నాను. ఆయన బోర్లా పడుకుని ఆ సందులో ముఖం పెట్టాడు. కింద పేడతో అలికిన నేల. అదీ సరిగ్గా కనబడదు. కంట్లో నింపిన గాలి వల్ల ఆయనకు లోకమంతా నీళ్ల అడుగు నుంచి చూసినట్టే ఉంది.

వారం రోజులు అలాగే ఉండాలని డాక్టరమ్మ చెప్పి పంపింది. తిన్నా, కూర్చున్నా, నడిచినా ముఖం నేలకే ఉండాలి. కంటి వెనక తెరకు రంధ్రం పడింది. ఆ రంధ్రాన్ని గాలిబుడగ అదిమిపట్టి ఉంచితేనే అంచులు దగ్గరికొస్తాయి. బుడగ ఎప్పుడూ పైకి తేలుతుంది కనుక, కంటి వెనకభాగం పైకి రావాలంటే మనిషి తల దించాల్సిందే. తల ఎత్తుకు తిరిగితే చేసిన ఆపరేషన్ వృథా. ఎడమ కన్ను చిన్నప్పుడే వెదురు కొమ్మ తగిలి పోయింది. ఆయనకు మిగిలింది ఈ కుడి కన్ను ఒక్కటే.

ఇంకో ఊళ్లో అయితే ఇది మెడ నొప్పితో పోయే సంగతి. మరైగూడ పక్కన మా పల్లెలో అలా కాదు. మా దగ్గర తప్పు చేసినవాళ్లు పంచాయితీలో తల దించుకుని కూర్చోవాలి. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లు వచ్చి "ఎత్తు" అనేదాకా ఎత్తకూడదు. కట్టాల్సిన దండుగ కన్నా జనం దీనికే వణికిపోతారు. అందుకే మామ తలుపు మూయమన్నాడు, కిటికీకి గోనెపట్టా కట్టమన్నాడు, ఎవరొచ్చినా ఇంట్లో లేడని చెప్పమన్నాడు. జీపు దిగి, నా చేయి పట్టుకుని, తల వేలాడేసుకుని వీధి పొడవునా నడిచిందంతా ఊరు చూసేశాక!

"జనం నవ్వుతున్నరా?" అని మంచం సందులోంచి అడిగాడు.

"నవ్వుతలేరు. ఎవలకేం చేసిండని అడుగుతున్నరు."

ఎవరికేం చేశాడో మా ఇద్దరికీ తెలుసు.

అత్త పోయాక ఆయనకున్న సొంత మనిషిని నేనే. ఆయన చెల్లెలి కూతుర్ని, పేరు బిందు. పక్కింట్లోనే ఉంటాను, బట్టలు కుడతాను. మామ గురించి చెప్పాలంటే ముందు ఆయన చూపు గురించి చెప్పాలి. ఆ ఒక్క కంటితోనే వాగు అవతల మేసే ఆవు ఎవరిదో చెప్పేవాడు. బండరాళ్ల మధ్య తేనెపట్టు ఎక్కడుందో కుర్రాళ్లకు వేలుపెట్టి చూపించేవాడు. గట్టు తగాదా వచ్చినా, మేక తప్పిపోయినా ఊరిపెద్ద జోగ ముందుగా ఆయన్నే పిలిపించేవాడు. "ఎర్రయ్య చూసిండంటే ఇంకో సాక్ష్యమెందుకు" అనేవాడు. పొలం పని మధ్యలో వదిలేసి అయినా మామ ఆ పిలుపుకు పరిగెత్తేవాడు. తిండి లేకపోయినా ఉండగలడేమో గానీ ఆ మాట లేకపోతే ఉండలేడు మా మామ.

రెండేళ్లుగా ఆయన నాతో మాట్లాడుతూ నా చెవి పక్కకు చూసేవాడు. "నా మొకం ఇక్కడుంది మామా" అంటే, "నీ మొకంల చూసేటందుకు ఏమున్నదే" అని ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేసేదాన్ని. ఎదురుపడ్డవాళ్లు ముందు పలకరిస్తేనే పలికేవాడు. ఎర్రయ్యకు పొగరెక్కిందని అనుకున్నారు జనం. మనుషుల్ని గొంతు బట్టి, దగ్గు బట్టి, నడక బట్టి గుర్తుపడుతున్నాడని ఎవరికి తెలుసు? పొగరన్న పేరు మోశాడు గానీ కన్ను పోతోందని మాత్రం ఒక్కరితోనూ అనలేదు.

నిరుడు ఇప్పపూల కాలంలో జరిగింది అసలు సంగతి. మా దగ్గర ఏ ఇప్పచెట్టు ఏ ఇంటిదో పుట్టిన పిల్లకు కూడా తెలుసు. పూలు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఎండాకులు ఊడ్చి తగలబెట్టి, నేల శుభ్రం చేసుకుంటారు. పొద్దున్నే వెళ్లి రాలిన పూలు ఏరుకుంటారు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు గంప పెట్టడమంటే వాళ్ల వంటకుండలో చేయి పెట్టినట్టే. మామ చెట్టు, మంగ్లీ అత్త చెట్టు పక్కపక్కనే ఉంటాయి. మంగ్లీ అత్త మొగుడు లేని మనిషి. మాకు చుట్టం కాదు గానీ మామను నోరారా అన్నా అని పిలిచేది.

ఒక పొద్దున మామ చెట్టు కింద ఎవరో ఆడమనిషి వంగి పూలు ఏరుతోంది. పచ్చ చీర. ఈయన కేకేస్తే ఆమె వెదురు పొదల్లోకి పారిపోయింది. మామ నేరుగా జోగ ఇంటికి వెళ్లాడు. "మంగ్లీనే. నా కన్నుతోని చూసిన" అన్నాడు.

"నేను గాదన్నా. సరిగ్గ చూసినవా నువ్వు?" అంది మంగ్లీ అత్త, అందరి ముందు.

ఆ ఒక్క ప్రశ్నకు మామ భగ్గుమన్నాడు. "ఎర్రయ్యనే అడిగేది, సరిగ్గ చూసినవా అని?" అని లేచాడు. జోగ మారుమాట మాట్లాడలేదు. ఆ ఏడు ఆడవాళ్ల పొదుపు సమూహ్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకే రకం పచ్చ చీరలు ఇచ్చారు. ఆ పంచాయితీలో నిలబడ్డ ఆడవాళ్లలో సగం మంది ఒంటిమీద అదే చీర. నా ఒంటిమీద కూడా! ఒక్కరికీ తట్టలేదు చూడండి. ఎర్రయ్య చూశాడంటే అయిపోయింది.

మంగ్లీ అత్త తల దించుకుని కూర్చుంది. వచ్చి ఎత్తమనాల్సింది మామ. ఆయన కండువా దులుపుకుని ఇంటికొచ్చేశాడు. చీకటి పడుతుంటే జోగే పోనీలెమ్మని పంపించాడు. కానీ జోగ మాట చెల్లదు, ఎత్తమనాల్సినవాడు అనలేదు కదా. అప్పట్నుంచీ ఆమె నిజంగానే తల వంచుకుని తిరిగింది. నాట్లకు ఎవరూ పిలవలేదు. తన చెట్టు దగ్గరికి కూడా తను పోలేదు. ఈ ఏడు కూడా ఆ చెట్టు పూలు పశువులు తింటున్నాయి.

ఈ మధ్య మామ కుండ అనుకుని పొయ్యి మీద చేయి పెట్టి కాల్చుకున్నాడు. ఇక నేనూరుకోలేదు. భద్రాచలం మీదుగా పట్నంలో పెద్ద కంటి ఆసుపత్రికి లాక్కెళ్లాను. అక్కడ గళ్లు గీసిన కాగితం చేతికిచ్చి, నడిమధ్య చుక్కను చూడమన్నారు. "గీతలు వంకర పోతున్నయ్. నడుమంత ఎలుక కొరికింది" అన్నాడు. తర్వాత ఒక మిషన్‌కు గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంటి లోపల స్కాన్ తీశారు. నొప్పీ లేదు, సూదీ లేదు, రెప్ప వేయకుండా ఉంటే చాలు. డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఆ బొమ్మ మాకు చూపించింది. పొరల మీద పొరలుగా ఉన్న గట్టుకు సరిగ్గా నడుమ గండి పడ్డట్టు ఉంది.

"ఈ నడుమ చోటును మాక్యులా అంటాం. ముఖాలు చూసేది, అక్షరాలు చదివేది దీనితోనే. పక్కలకు కనిపిస్తుంది, నడక సాగుతుంది, రంగులు తెలుస్తాయి. ఎదుటి మనిషి ముఖమే కనపడదు. ఎప్పట్నుంచి ఇలా ఉంది పెద్దాయనా?"

"మొన్న మొన్ననే" అన్నాడు మామ.

ఆమె మళ్లీ బొమ్మ చూసింది. "మొన్నటిది కాదండీ. అంచులు బాగా ముదిరాయి. ఏడాది పైమాటే, ఎక్కువే ఉండొచ్చు. ఆలస్యమైంది కాబట్టి ఎంత వెనక్కొస్తుందో మాటివ్వలేను. ఇప్పుడు నా ముఖం కనిపిస్తోందా?"

మామ ఆమె చెవి పక్కకు చూస్తూ ఉండిపోయాడు.

ఏడాది పైమాట. బయట బెంచీ మీద కూర్చోబెట్టి అడిగేశాను. "మంగ్లీ అత్త మొకం కనబడ్డదా మామా, ఆ పొద్దున?"

"అప్పుడు గింత ఘోరంగ లేకుండె."

"కనబడ్డదా, లేదా?"

చాలాసేపు కండువా అంచు నలిపాడు. "పచ్చ చీర కనబడ్డది" అన్నాడు. "పక్క చెట్టు ఆమెదే గద, ఇంకెవలుంటరనుకున్న." సిగ్గుతో నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. ఆసుపత్రి నిండా జనం, నాకేమో అందరూ మా ఇద్దరినే చూస్తున్నట్టుంది. గొంతు చించుకుని తిట్టాలనిపించింది. ఆ ఒక్క కన్నుకు కత్తి పడబోతోందని నోరు కుట్టేసుకున్నాను.

ఆపరేషన్ అయింది. కంటిలో సూది మొనంత దారులు చేసి, లోపలి గుజ్జు తీసి, రంధ్రం చుట్టూ ఉన్న సన్నని పొర ఒలిచి, గాలి నింపారట. మర్నాడు పట్టీ విప్పి చూసి, చుక్కల మందిచ్చి, తల దించుకుని ఉండమని పంపారు. వచ్చేటప్పుడు బస్సులో ఒకావిడ "పాపం, ఎవరు పోయారమ్మా మీ ఇంట్లో" అని అడిగింది. మామ కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

తిరిగొచ్చాక మూడో రోజో నాలుగో రోజో, నీళ్లకు వెళ్లిన నాకు తెలిసింది. మంగ్లీ అత్త సామాను మూట కడుతోంది. భోపాల్‌పట్నంలో చెల్లెలింటికి వెళ్లిపోతుందట, మళ్లీ రాదట. మామకు చెప్పాను.

"వారం కానీ, బిడ్డా. మనిషిలెక్క తల ఎత్తుకోని పోయి చెప్త. గిట్ల పోతే నేను దొంగనైనట్టుంటది."

ఇక నా నోరు ఆగలేదు. "దొంగవే! ఆమె పరువు దొంగిలించిన దొంగవి. నువ్వు తల ఎత్తేదాక ఆమె ఈడుంటదా? ఆమె కూసోలేదా తల దించి, నువ్వు కూసుంటే ఏమైతది?"

మంచం సందు కింద, అలికిన నేల మీద రెండు మూడు చుక్కలు పడ్డాయి. ఆ ఆపరేషన్ కన్ను తడవకూడదని నాకు భయం, తుడవబోతే నా చేయి తోసేశాడు. "నన్ను తోల్కపో" అన్నాడు.

జోగ ఇంటి ముందు పందిరి దాకా చేయి పట్టుకుని నడిపించాను. దారిలో వాకిళ్లన్నీ నోళ్లు మూసుకున్నాయి. మంగ్లీ అత్తను పిలిపించాను. మామ ఆమె నిరుడు కూర్చున్నచోటే కూర్చున్నాడు.

"ఏంది ఎర్రయ్యా, గిదేంది? ఆపరేషన్ అన్నరు గద, ఇంటికి పోయి పండుకో" అన్నాడు జోగ.

"డాక్టరమ్మ చెప్పిందని గాదు కూసున్నది" అన్నాడు మామ నేలతో. "నిరుడు ఆ పొద్దున నాకు మొకం కనబడలే. చీర కనబడ్డది. మొకం నేను పెట్టిన, మంగ్లీది. కన్ను పోయిందని మీకు తెలుస్తదని భయపడ్డ. ఇంక నన్నెవలు పిలుస్తరని భయపడ్డ. ఆమె కాళ్లు మొక్కుదమంటే ఏడున్నయో అవి కూడ కనబడ్తలెవ్వు."

జోగ ముఖం మాడిపోయింది. ఇంకో సాక్షిని అడగనిది ఆయనే కదా. మంగ్లీ అత్త ఎత్తమంటుందని అందరం చూశాం. ఆమె అనలేదు. చీర కొంగు నడుముకు దోపుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. చెల్లెలి ఊరికి మాత్రం పోలేదు. మర్నాడు పొద్దున్నే గంప పట్టుకుని, తల ఎత్తుకుని, వీధి నడుమ నుంచి తన ఇప్పచెట్టు దగ్గరికి నడిచింది. తలుపు సందులోంచి చూసి మామకు చెప్పాను. "తలుపు తెరిచే ఉంచు" అన్నాడు. కిటికీ గోనెపట్టా కూడా తీయించాడు.

వారం అయిపోయింది. "ఇగ లే మామా, డాక్టరమ్మ పెట్టిన గడువు అయిపోయింది" అన్నాను. లేచి కూర్చున్నాడు గానీ తల ఎత్తలేదు.

"ఆమె చెప్పలే గద" అన్నాడు.

తిట్టాను, బతిమాలాను. మెడ పట్టేసి రాయిలా అయింది, ఆముదం రాస్తుంటే మూలుగుతున్నాడు. అయినా ఎత్తడు. ఆ సాయంత్రం మంగ్లీ అత్త పూల గంపతోనే మా వాకిట్లోకి వచ్చింది. గంప దించలేదు, కూర్చోలేదు.

"ఎత్తు" అంది.

మామ మెల్లగా, నొప్పికి పళ్లు బిగపట్టి, తల ఎత్తాడు. ఆమె ఆయన ఎదురుగా వంగి నిలబడింది.

"కనబడ్తన్ననా అన్నా?"

కంట్లో బుడగ ఇంకా కరగలేదు. అది కరిగాక గానీ రంధ్రం మూసుకుందో లేదో తెలియదు. కనబడుతున్నావని అబద్ధమాడతాడేమోనని భయపడ్డాను, రెండేళ్ల అలవాటు కదా.

"లేదమ్మా. నీ గొంతు బట్టి తెల్సింది నువ్వని. మొకం కనబడ్తలేదు."

"గీ మాట నిరుడు అంటే ఏం పోతుండెనన్నా?" అంది మంగ్లీ అత్త. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

ఆమె గంప సర్దుకుని వెళ్లిపోయింది. మామ తల మళ్లీ దించుకున్నాడు. "ఎత్తమన్నది గద మామా, ఇంకేంది" అన్నాను. "ఆమె అడిగినదానికి జవాబు దొర్కనీ బిడ్డా" అన్నాడు నేలతో.