చూడకుండా రాసిన వీపు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నాలో బరువుగా ఉంది. రోజూ డైరీ రాస్తాను. వానలున్నాయి, చదివిన నవలలున్నాయి. ఇది మాత్రం లేదు. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో తమిళనాడు ధర్మపురిలోని ఒక వృద్ధాశ్రమంలో పనికి చేరాను. నెల మొదట్లో ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి నడక, తిండి, చర్మం ఎలా ఉన్నాయో చూసి రాయాలి. ఆ కాగితాన్ని బట్టే డాక్టరు ఎవరిని పరీక్షించాలో నిర్ణయించేవారు.

మంచం పట్టిన అవ్వ ఒకామె ఉండేది, పిక్కిలి అనే ఊరామె. అక్కడ మా ఇద్దరిదే తెలుగు. వరసలు కలిపి నన్ను మనవరాలిని చేసుకుంది. తమిళంలో ఎవరడిగినా బాగున్నానని చెప్పేది. ఒక నెల మొదట్లో, కాగితం రాయడానికి వెళ్తే, నాతో మాత్రం మెల్లగా అంది:

"పాపా, నడుము కింద మండతా ఉంది. రవంత తిప్పి చూడు."

"కొత్త ఆయా రేపు పనిలో చేరుతుందవ్వా, చెప్తాను."

"కొత్త ఆయాకు వద్దు. నువ్వు మా ఇంటి బిడ్డవి. నీకు కాక ఎవురికి చూపించేది?"

చూస్తానన్నాను. చూడలేదు. అందరి ముందూ ఆమె చీర తొలగించడానికి సిగ్గేసింది. సిగ్గేనా? లేక అక్కడి వాసన ముందే తగిలి, తెలిసినదాన్ని కళ్లతో చూడటానికి భయపడ్డానా? 'చర్మం బాగుంది' అని రాశాను. డాక్టరు ఆమె మంచం దాటి వెళ్లిపోయారు.

తరువాతి వారం, కొత్త ఆయా కన్నమ్మ ఒళ్లు తుడుస్తూ పుండు చూసి, తనే పరుగున వెళ్లి మేట్రన్‌కు చెప్పింది. మేట్రన్ నా కాగితం తీసింది. నెల మొదట్లో బాగున్న చర్మం ఈమె వచ్చాకే పుండు పడిందంది. కన్నమ్మకు చదువు రాదు. చదువుకున్న పిల్ల చూసి రాసింది కదా, నేనే సరిగ్గా తిప్పి పడుకోబెట్టలేదేమో అంటూ ఏడ్చింది. తన చేతులకన్నా నా రాతను నమ్మింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆమెను పనిలోంచి తీసేశారు. అవ్వ ఎక్కువ రోజులు బతకలేదు.

పోయినేడు ఆ పక్కనే ఏ. పళ్లిపట్టి అనే ఊళ్లో బస్సు కోసం నిలబడితే, ఇసుక తట్ట దించి కన్నమ్మే పలకరించింది. పిల్లలెందరని అడిగింది. ఆ తరువాత మళ్లీ ముసలివాళ్లను తాకే పనికి పోలేదని చెప్పింది. అప్పుడైనా నోరు తెరిచానా? బస్సెక్కేశాను.

ఆ పుండు కన్నమ్మ రాకముందే ఉంది. అవ్వ నాకు చెప్పింది. నేను చూడలేదు.