గుండె వార్డులో పెన్‌డ్రైవ్

నిన్న నా చేతి మీదుగా వార్డు వార్డంతా చచ్చి బతికిందంటే నమ్ముతారా? నవ్వకండి మరి. ముందు టీ తాగండి, చెప్తాను.

నేను నర్సుగా డ్యూటీ చేసే గుండె వార్డులో పేషెంట్ల మెళ్ళో చిన్న డబ్బా వేలాడుతుంటాది. అది వాళ్ళ గుండె కొట్టుకోడాన్ని మా డెస్క్ మీదున్న కంప్యూటర్‌కి పంపిస్తాది, వైరు కూడా అక్కర్లేదు. అందరి గీతలూ ఒకే స్క్రీన్ మీద పచ్చగా గెంతుతుంటాయి. మేం కుర్చీలోంచే అందర్నీ కనిపెట్టుకోవచ్చు. ఎంత హాయో!

మధ్యాహ్నం వార్డు ప్రశాంతంగా ఉంది. నా జేబులో పెన్‌డ్రైవ్. రిసాలి బజార్లో సైబర్ కేఫ్‌కి వెళ్ళి మన చర్చి సండే స్కూలు పిల్లల పాట ఎక్కించుకొచ్చేను. సరిగ్గా ఎక్కిందో లేదోనని ఒకటే ఆత్రం. ఒక్కసారి చూసుకుంటే ఏటవుతాది? డెస్క్ కంప్యూటర్‌కి పెట్టేసేను.

పాట రాలేదు. స్క్రీన్ మిణుకుమంది. అంతే, గీతలన్నీ ఒక్కసారే చాపల్లా పడుకున్నాయి! ఏ బెడ్డు చూసినా సాపు గీతే!

"ఓలమ్మో! అందరూ పోయేరు!" అని పెట్టేను కేక.

దగ్గర్లో అప్పలనాయుడు తాత బెడ్డు. ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ కాడ పనిచేసి రిటైరయ్యేడు. పరిగెత్తుకెళ్ళి ఆయన ఛాతీ మీద రెండు చేతులూ వేసేసేను, నొక్కేద్దామని. చూస్తే ఆయన నోట్లో కమలాపండు తొన!

"ఏటమ్మా ఇది?" అన్నాడు.

"తాతా! ఉన్నావా?"

"ఎక్కడికెళ్తాను? నువ్వే కదా సెలైన్ పెట్టి కట్టేసేవు!"

గబగబా వచ్చి పెన్‌డ్రైవ్ పీకేసేను. గీతలు లేవలేదు. అప్పుడు పట్టింది అసలు చెమట. ఎవరి గుండైనా నిజంగానే ఆగిపోతే నాకెలా తెలుస్తాది? కంప్యూటర్ ఇంజినీరు శర్మాజీకి ఫోన్ కొట్టి, డాక్టరుగారికి చెప్పి, ఇద్దరు సిస్టర్లని పిలిచి బెడ్డు బెడ్డుకీ తిరుగుతూ చేత్తోనే నాడి పట్టుకున్నాం. నేను రెండోసారి వచ్చేసరికి తాత చెయ్యి ముందే చాపేసేడు.

"నేనింకా ఉన్నానమ్మా. పక్కాయన్ని చూడు, నిద్దరోతున్నాడు."

శర్మాజీ వచ్చి కాసేపు కంప్యూటర్ కెలికేడు. "సిస్టర్ జీ, వైరస్ హై!" అన్నాడు.

నేను గభాల్న బెడ్ల వైపు తిరిగేను. "అయ్యో, ఏ బెడ్డుకి?"

"బెడ్డుకి కాదు, కంప్యూటర్‌కి! మీ పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కింది."

నాకు రోషం వచ్చీసింది. "అలా ఎలా ఎక్కుతాది భయ్యా? పెట్టే ముందు స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచేను!"

పాపం, శర్మాజీ నవ్వాపుకోలేక కింద కూలబడిపోయేడు. తర్వాత ఇంకో కంప్యూటర్ తెచ్చి తగిలించేడు. గీతలు ఒక్కొక్కటే లేచి మళ్ళీ గెంతడం మొదలెట్టేయి. దేవుడి దయ, ఎవరికీ ఏటీ కాలేదు.

ఈలోగా మేట్రన్ మేడమ్ వచ్చేరు. సంగతంతా విని, "స్పిరిటా?" అని తల పట్టుకున్నారు. "అసలీ వార్డుకి ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఇన్‌ఛార్జి ఎవరు?"

అప్పలనాయుడు తాత కూడా మెడ చాపి చూసేడు.

"నేనే మేడమ్," అన్నాను.