కాటి సీను బొమ్మ

వనజ చండ్రుగొండలో ట్రాక్టర్ల మీద పేర్లు, బళ్లకు నంబర్ ప్లేట్లు రాస్తుంది. పంచాయతీ వాళ్లు కొత్త కమ్యూనిటీ హాలు గోడ అప్పగించి ఏదైనా మంచి బొమ్మ వెయ్యమంటే, మరో ఆలోచన లేకుండా పాత నాటకంలోని కాటి సీను వేసింది. రాజ్యం పోగొట్టుకుని కాటికాపరి అయి కాటి సుంకం కోసం చెయ్యి చాపిన రాజు, ఎదురుగా చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న రాణి.

చిన్నప్పుడు ఆ కొడుకు వేషం వనజదే. రాజు వాళ్ల నాన్న. రాణి వేషం పగిడయ్య కట్టేవాడు. పాము కరిచిన పిల్లవాడిలా ఆమె కళ్లు మూసుకుని పడుకుంటే, పద్యం సాగినంతసేపూ ఆయన కన్నీళ్లు వెచ్చగా చెంపల మీద రాలేవి. నాన్న పోయాక వనజకు పెద్దదిక్కు ఆయనే. తన కోసం అంతగా ఏడ్చిన మనిషి ఇంకొకరు లేరని ఆమె నమ్మకం.

హాలు తెరిచిన రోజు జనం బొమ్మ ముందు చేరి నవ్వుకున్నారు. సొంత పెళ్లాన్నే సుంకం అడుగుతున్నాడంటే వీడు బస్సు కండక్టరే అయ్యుంటాడన్నారు ఎవరో. పిల్లలు శవంలా నాలుక బయటపెట్టి ఫొటోలు దిగారు. వనజ పట్టించుకోలేదు. వాళ్లెవరూ నాటకం చూసినవాళ్లు కారు. పగిడయ్య చూస్తే చాలనుకుంది.

ఆయన వచ్చాడు. బొమ్మను ఎగాదిగా చూసి, పిల్లవాడి వైపు వేలు చూపించాడు.

"పోరడు మస్తు నిద్రల ఉన్నడు. పక్కన సెల్లు పెట్టుండ్రి, లేసి కూసుంటడు."

అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

జనం టిఫిన్ల వైపు మళ్లాక వనజ ఆయన దగ్గరికి వెళ్లింది.

"నువ్వు గూడ నవ్వినవా పెద్దనాయినా? అప్పట్ల నన్ను ఒళ్లె పండబెట్టుకొని గంతగనం ఏడ్చేటోడివి."

"ఏషం గద బిడ్డా" అన్నాడు పగిడయ్య ఇడ్లీ తుంచుతూ. "కొంగుకు తలనొప్పి బాము రాసుకునేటోణ్ణి. కండ్లకు తాకిస్తే నీళ్లు అవే కారుతయ్. మీ నాయినకు ఎరుకేనాయె. నీకు చెప్పలేదా?"

నాన్న చెప్పలేదు. తను ఊపిరి బిగబట్టి శవంలా పడుకున్నప్పుడు, ఆ ఇద్దరికీ తెలిసిన సంగతి తనొక్కదానికే తెలియదు. పగిడయ్య గొంతులో దాపరికం గానీ, తప్పు చేశానన్న జంకు గానీ లేవు. అదే ఆమెకు మింగుడు పడలేదు. నాన్నను అడుగుదామంటే ఆయన లేడు.

బొమ్మ చూడ్డానికి జనం బాగా వస్తున్నారని మెచ్చుకుని, పంచాయతీ వాళ్లు గ్రంథాలయం గోడకు కూడా నాటకంలోదే ఇంకో సీను వెయ్యమన్నారు. వనజ ఒప్పుకోలేదు. ఆ గోడ నిండా తునికి చెట్లు, ఇప్పచెట్లు వేసింది. మనిషన్నవాడు ఎక్కడా లేడు.