తప్పంతా డ్రమ్ముదే

అరవై ఎనిమిదేళ్ళు నిండినా కురుమూర్తికి ఈ లోకంలో తప్పు చేసిన మనిషి ఒక్కడు కూడా ఎదురుపడలేదు. ఎదురుపడిన తప్పులన్నీ వస్తువులే చేశాయి. గడప, గరిటె, గొడుగు, సైకిలు గొలుసు, తెగిన చెప్పు, ఇవన్నీ ఆయన దృష్టిలో కరుడుగట్టిన నేరస్తులు. మనుషులు మాత్రం వాటి మధ్య చిక్కుకుని ఎట్లాగో బతుకీడుస్తున్న అమాయకులు.

పసిపిల్ల నడుస్తూ పడితే మన పెద్దవాళ్ళు ఏం చేస్తారో తెలుసు కదా. పిల్లను చంకనేసుకుని, నేలను రెండు దెబ్బలు కొట్టి, "మా బంగారాన్ని పడేస్తవా?" అని నేలను తిడతారు. పిల్ల ఏడుపు ఆపి నేల వంక జాలిగా చూస్తుంది. ఆ పిల్లకు నాలుగేళ్ళు వచ్చేసరికి అందరమూ ఆ అలవాటు మానేసి, పిల్లనే తిట్టడం మొదలుపెడతాం. కురుమూర్తి మానలేదు. అంతే తేడా.

గద్వాలలో మా సందులో ఆయన ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు. నేను మా అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఆయన వాళ్ళ అరుగు మీద ఏదో ఒక వస్తువును పట్టుకుని కూర్చుంటాడు. నేను చదువుతుంటాను, ఆయన తిడుతుంటాడు. అట్లా ఇద్దరికీ పొద్దు గడిచిపోతుంది.

ఆయన బస్సు డ్రైవరుగా చేసిన రోజుల్లో ఒకసారి రాయచూరు దారిలో టైరు పంక్చరైంది. బస్సు నిండా పెళ్ళివాళ్ళు. ముహూర్తం దగ్గర పడుతోంది. వాళ్ళు పోయి పోయి కండక్టరు మీద పడ్డారు. ఒకాయన కాలరు కూడా పట్టుకున్నాడు. కురుమూర్తి తాపీగా దిగి, టైరులోంచి మేకు పీకి, అరచేతిలో పెట్టుకుని తిట్లు అందుకున్నాడు.

"ఏం రా, గింత పొడుగు రోడ్డున్నది. పండుకోనీకి నీకు పక్కకు తావు దొరకలేదా? గీ పెద్దమనుషులు పెండ్లికి పోతుండ్రు. తలంబ్రాల టైముకు అందకపోతే అక్షింతలు నువ్వేస్తవా?"

కాలరు పట్టుకున్నాయన చేయి వదిలి, మేకును చూడ్డానికి వచ్చాడు. "చిన్నగనే ఉన్నది గాని, ఎంత పని జేసింది సూడు!" అన్నాడు. "దీన్ని ఇడిసిపెట్టొద్దు డ్రైవరన్నా" అన్నారు మిగతావాళ్ళు. కాసేపటికి అందరూ కలిసి టైరు మార్చారు. కండక్టరు మంచినీళ్ళు తాగాడు.

ఇంట్లో కూడా ఇదే వరస. భార్య భీమమ్మ పప్పు మాడబెడితే స్టవ్వు ముందు గొంతుక్కూర్చుంటాడు. "ఆమె జర అటు తిరిగితే చాలు, నీ బుద్ధి సూపిస్తవ్ గద నువ్వు!" అని దాన్ని నిలదీస్తాడు. భీమమ్మ మా ఇంటికొచ్చి మొత్తుకునేది.

"అందరి ఇండ్లల్ల మొగుడు పెండ్లాలు కొట్లాడుకుంటరు, మల్ల కలుస్తరు. నాకు ఆ భాగ్యం గూడ లేకపాయె సారూ. నా మీద కోపమొస్తే ఈయన స్టవ్వుతోటి మాట్లాడుడు బంద్ జేస్తడు!"

పక్కింటి జగదీశ్ ఇంటరులో లెక్కల పరీక్ష తప్పితే వాళ్ళ నాన్న చెప్పు తీసుకుని సందు చివరిదాకా తరిమాడు. కురుమూర్తి అడ్డం పడి విచారణ మొదలుపెట్టాడు.

"పరీక్షల నువ్వు కూసున్న బల్ల ఎట్లుండె బిడ్డా?"

"జర... కుంటుతుండె తాతా."

"అట్ల చెప్పు మరి!"

మర్నాడు ఒక చెక్కముక్కా సుత్తీ పట్టుకుని కాలేజీకి పోయాడు. వాచ్‌మన్ ఎంత అడ్డుకున్నా వినకుండా ఆ బల్ల కాలు కింద చెక్క కొట్టి వచ్చాడు. రెండోసారి జగదీశ్ పాసయ్యాడు. "బల్లకు బుద్ధొచ్చింది" అని కురుమూర్తి సందంతా చెప్పుకున్నాడు. జగదీశ్ ఎన్ని రాత్రులు కూర్చుని చదివాడో ఎవరూ అడగలేదు. నవ్వుకుంటూ వాడూ చెప్పలేదు.

ఇక కావ్య సంగతి. మా వరుసలో మూడో ఇల్లు శ్రవణ్ కుమార్‌ది. పత్తి విత్తనాల సేద్యం అతనిది. అతని కూతురు కావ్య తొమ్మిదో తరగతి. హైదరాబాదులో ఉండే మేనమామ ఆ పిల్లకొక స్కేట్‌బోర్డు కొనిచ్చాడు. మా సందు దానికి వెంటనే 'చక్రాల పీట' అని పేరు పెట్టేసింది. మార్కెట్ యార్డు సిమెంటు గచ్చు మీద ఆ పిల్ల దాన్ని తోలుతుంటే హమాలీలు బస్తాలు దించి చూసేవాళ్ళు. అన్నిటికన్నా వింత, అది ఎగరడం. వెనక తోక మీద కాలితో ఒక్క తన్ను తన్నేది. తోక నేలకు 'ఠక్' మని కొట్టుకునేది. అంతే, పీటా పిల్లా కలిసి గాల్లోకి లేచేవాళ్ళు. చేత్తో పట్టుకోకుండా అదెట్లా వెంట వచ్చేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఎండాకాలం సెలవుల మొదట్లో కావ్య పడి మణికట్టు విరిగింది. కురుమూర్తి పరుగెత్తుకుపోయి యార్డు గచ్చును రెండు దెబ్బలు కొట్టి, తర్వాతే ఆటో పిలిచాడు. దవాఖానలో కట్టు కట్టారు. ఇక్కడుంటే కట్టుతోనే పీటెక్కుతుందని తల్లి రేఖ ఆ పిల్లను అలంపూర్‌లో అమ్మమ్మ దగ్గర దిగబెట్టింది. బడులు తెరిచాక చేయి బాగుపడి తిరిగొచ్చింది. రేఖ పీటను శుభ్రంగా కడిగి, డాబా మీద ఎండబెట్టి, చక్రాలకు కొబ్బరినూనె కూడా రాసి కూతురి చేతికిచ్చింది.

కానీ పీట ఎగరలేదు. కావ్య పొద్దునా సాయంత్రమూ తన్నింది. మునుపటి 'ఠక్' లేదు. 'బద్' మంటుంది, అక్కడే ఉంటుంది. మరీ బలంగా తన్నితే జానెడు లేచి, వద్దులే అన్నట్టు కూలబడుతుంది.

వచ్చే ఆదివారం వనపర్తిలో ఎంపిక ఉంది. అందులో నెగ్గినవాళ్ళను హైదరాబాదు పోటీలకు తీసుకుపోతారు. వనపర్తి కోచ్ ఫోనులో వీడియో చూసి, "ఒక్కసారి పడ్డంక భయం లోపల కూసుంటది. అది పోనీకి టైం పడతది" అన్నాడు. శ్రవణ్ కుమార్ ఆ మాట పట్టుకున్నాడు.

"దీనికి దడుపు పట్టింది. వనపర్తి లేదు, గినపర్తి లేదు. సప్పుడు చేయకుండ సదువుకో!"

రోజూ అందరూ భయం భయం అంటుంటే కావ్య కూడా నమ్మేసింది. శుక్రవారం సాయంత్రం పీటను చంకలో పెట్టుకుని వచ్చి కురుమూర్తి అరుగు మీద పడేసింది.

"తాతా, గిది పొయ్యిల పెట్టుకో. నాకు భయం పట్టుకున్నది. ఇగ నాతోటి కాదు."

కురుమూర్తి పీటను ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను పుస్తకం మూసి కళ్ళజోడు సర్దుకున్నాను.

"నీకు భయమా? ఎవడన్నడు? ఏం పీటవే నువ్వు! కొబ్బరినూనె రాయించుకొని పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్. మా బిడ్డ తంతే లెవ్వనీకి ఏమైంది నీకు?" అని దాని మీద ఒక్కటిచ్చాడు.

'బద్' మంది.

కావ్య వెళ్ళబోతూ ఆగింది. "తాతా, మల్లొకసారి కొట్టు."

అడిగి మరీ కొట్టించడం ఆయన అనుభవంలో అదే మొదటిసారి. ఉత్సాహంగా ఇంకో రెండు వేశాడు. 'బద్, బద్.'

"మునుపు గిట్ల మోగకపోతుండె" అంటూ ఆ పిల్ల పీటను లాక్కుని అంచు మీద గోరు పెట్టింది. అంచు పొంగిన పూరీ పొరలా విడిపోయింది. నడుమ బొటనవేలితో అదిమితే పీట లోపలికి వంగి, తిరిగి రావడానికి బద్ధకించింది.

ఈలోగా శ్రవణ్ కుమార్, రేఖ, భీమమ్మ, ఇంకా నలుగురు చేరారు. కావ్య అందరికీ పీటను తిప్పి చూపించింది.

"గిది ఒక్క చెక్క కాదు నానా. పల్చటి పొరలు ఏడు. బంక పెట్టి, అదిమి ఒక్కటి జేస్తరు. ఒక్కటిగుంటేనే దెబ్బ తగలంగనే ఎగిరి లేస్తది. రోజూ కొట్టుకుంట కొట్టుకుంట లోపల సన్నగ చీలికలొచ్చి ఏ పీటైనా మెల్లగ మెత్తగయితది. ఎంత మంచిదైనా గంతే. గాని నీళ్ళు పడితే అంతదాక ఆగదు. బంక ఇడిసిపెడతది, దేని పొర దానిదే అయితది. ఇగ ఎంత తన్నినా దెబ్బను మింగి ఊకుంటది." ఆ పిల్ల పీటను అరుగు మీద పెట్టింది. "నాకు భయం కాదు నానా. గిది సచ్చిపోయింది."

కురుమూర్తి విజయగర్వంతో నా వైపు చూశాడు. జీవితమంతా వస్తువులను దోషులంటూ వచ్చిన మనిషికి మొదటిసారి సాక్ష్యం దొరికింది మరి.

"మరి బిడ్డ ఊర్ల లేకపాయె. ఎండాకాలమాయె. దీనికి నీళ్ళెట్ల పట్టినయి?" అన్నాడు శ్రవణ్ కుమార్.

"ఎట్ల పట్టుడేంది?" అంది భీమమ్మ, లోకంలో అందరికీ తెలిసిన సంగతేనన్నట్టు. "నల్లా కాడ డ్రమ్ము దీని మీద పెట్టి నింపుతుంటిమి గద. నింపి, నూకుకుంట దొడ్లెకు తీస్కపోతుంటిమి. ఎంత అల్కగ పోతుండెనో! అంత బరువు డ్రమ్మును మల్ల ఎవరు దింపుతరని దాని మీదనే ఉంచుతుండె మా రేఖ."

అందరి కళ్ళూ రేఖ మీదికి తిరిగాయి. భీమమ్మ నాలుక కరుచుకుంది.

"నాకేం తెల్సు?" అంది రేఖ. "నీళ్ళకు పరేషాన్ అయితుంటే... పీటనే గద అనుకున్న. దాన్ని మంచిగ కడిగి గూడ పెడ్తి..."

శ్రవణ్ కుమార్ ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళు కూతురిని అన్న మాటలన్నీ ఇప్పుడు ఎక్కడో ఒక చోట దించాలి అతను. "అంటే నువ్వు జేసిన పనికి, నేను నా బిడ్డను..."

"ఆగు!" అని కేక పెట్టాడు కురుమూర్తి. "అసలు దొంగ ఇంకా దొడ్లెనే ఉన్నడు. పారిపోతడు, పాండ్రి!"

పంచె పైకి కట్టి శ్రవణ్ కుమార్ వాళ్ళ దొడ్లోకి దూసుకుపోయాడు. వెనకాల అందరం. అక్కడ నీలం రంగు డ్రమ్ము అంచుదాకా నీళ్ళతో నిండుగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"ఏం రా బొర్రోడా! నీ బొర్ర నింపుకోనీకి బిడ్డ పీట నెక్కి కూసుంటవా? ఎండాకాలమంత దిగబుద్ధి కాలేదా? ఆ తల్లి ఏమో బిడ్డ పీట అని కడిగి, ఆరబెట్టి, నూనె రాస్తది. నీకేమో సిగ్గు లేదు!" అని రెండు చేతులా దాన్ని వాయించాడు.

నిండు డ్రమ్ము ఊరుకుంటుందా? నీళ్ళు ఎగిరి శ్రవణ్ కుమార్ ముఖం మీద ఛెళ్ళున పడ్డాయి. ముందు కావ్యకు నవ్వొచ్చింది. తర్వాత, కళ్ళు తుడుచుకుంటున్న రేఖకు వచ్చింది. శ్రవణ్ కుమార్ మీసాల నుంచి నీళ్ళు కారుతుండగా భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. చివరికి డ్రమ్ము వైపు తిరిగాడు.

"వీనికి ఇంకో రెండెయ్యి కాకా. మస్తు మోసగాడున్నడు!"

ఆదివారం వనపర్తికి నేనూ నా భార్యా పోయాం. అక్కడ పోటీకొచ్చిన కావ్య స్నేహితురాలు నవనీత తన పీటను ఇచ్చింది. కావ్య మొదట దాన్ని నేల మీద పెట్టి, గోటితో తట్టి విన్నది. తర్వాత ఎక్కింది. తోక మీద తన్నింది. 'ఠక్!' అని మోగగానే మా పక్కన కూర్చున్న రేఖ నా భార్య చేయి గట్టిగా పట్టుకుంది. పిల్లా పీటా మళ్ళీ కలిసి గాల్లోకి లేచారు.

హైదరాబాదుకు ఎంపికైన వాళ్ళలో కావ్య పేరు చదివాక కోచ్ వచ్చి, "భయమన్నరు గద సార్, యాడ బోయింది?" అన్నాడు.

"భయం కాదు సార్, డ్రమ్ము" అన్నాడు శ్రవణ్ కుమార్. కోచ్‌కు ఏమీ అర్థం కాలేదు. మేమెవరమూ విప్పి చెప్పలేదు.

ఆ చచ్చిపోయిన పీటను కురుమూర్తి అడిగి తెచ్చుకున్నాడు. చక్రాలు ఊడదీసి, తలుపు పక్కన గోడకు అరలా బిగించి, కళ్ళజోడూ బీపీ గోలీలూ పెట్టుకున్నాడు.

మొన్న పొద్దున పేపరు కోసం ఆయన ఇంటికి పోయాను. భీమమ్మ కూరగాయలకు పోయినట్టుంది. తెర దగ్గర చెప్పులు విప్పుతున్నాను. లోపల ఆయన కింద పడ్డ గోలీ కోసం వంగాడు. లేస్తుండగా తల ఆ పీట అంచుకు గట్టిగా తగిలింది.

నేను తెర బయటే ఆగిపోయాను. ఇప్పుడు పీట పని అయిపోతుంది, తీరిగ్గా వినొచ్చు అనుకున్నాను.

తల రుద్దుకుంటూ ఆయన మెల్లగా అన్నాడు: "నేనే జర కిందికి బిగిస్తి. బిగించిన సంగతి నేనే మర్సిపోతి. ముసలోన్నయినా బుద్ధి రాకపాయె నాకు."

అంతే. పీటను ఒక్క మాట అనలేదు. దాని మీద నుంచి జారిన కళ్ళజోడు తీసి, జాగ్రత్తగా మళ్ళీ దాని మీదే పెట్టాడు.

ఇన్నేళ్ళు ఎదురింట్లో ఉండి ఆయన తిట్లన్నీ విన్నాను. ఎవరూ లేనప్పుడు ఆయన ఎవరిని తిడతాడో ఆ రోజే తెలిసింది.

తెర తీసి లోపలికి పోయాను. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చినవన్నా?"

"ఇప్పుడే" అన్నాను.

ఆయన నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి లేస్తోంది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అయినా గొంతు సవరించుకుని, పీట ముందు నిలబడి చేయి ఎత్తాను.

"ఏం పీటవే నువ్వు? గోడకెక్కినా బుద్ధి రాలేదా? మా కురుమూర్తి తలకాయే దొరికిందా నీకు?" అని రెండు దెబ్బలు వేశాను.

పీట 'బద్, బద్' మంది.

కురుమూర్తి కాసేపు నన్నే చూశాడు. తర్వాత బొప్పి తడుముకుంటూ, పసిపిల్లవాడిలా నవ్వి అన్నాడు:

"తోక దిక్కెయ్యన్నా. అటు దిక్కైతే జర తగుల్తది."