కంట్రోల్ ప్లేటు మీద మూడు మచ్చలు

దయ్యాల కబుర్లు చెప్పే మా వదినతో నేను పడని గొడవ లేదు. సికింద్రాబాద్‌లో ఇరవై ఏళ్ళుగా నర్సింగ్ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతున్నదాన్ని. కంటికి కనపడనివి ఉన్నాయంటే నమ్ముతాను, కాకపోతే మైక్రోస్కోపు కింద చూపించమంటాను.

మా ల్యాబ్‌లో మరియమ్మ అని అటెండరు ఉండేది. వేడి అగార్‌ని మూతలుండే చిన్న గాజు ప్లేట్లలో పోస్తే చల్లారి జున్నులా గట్టిపడుతుంది. బాక్టీరియాని పెంచేది దాని మీదే, చెయ్యి తగిలితే వేళ్ళ మీది క్రిములు మచ్చలుగా మొలుస్తాయి. ఈవిడేమో గట్టిపడిందో లేదో అని మూడు వేళ్ళు ఆనించి చూసేది.

"ఇదేమన్నా మీ ఇంట్లో జున్నా?" అని అరిచేదాన్ని.

"జెర చూస్తున్న మేడం, గంతే."

ఆ మూడింట్లో మధ్యవేలు సగమే. ఎప్పుడో సామాన్లు ఆవిరిపట్టే ఆటోక్లేవ్ మూత కింద పడి తెగింది. పోయిన వేసవిలో ఆవిడ చనిపోయింది.

తర్వాత చేరిన బ్యాచ్ ఆవిడని చూడనే లేదు. వాళ్ళ మొదటి కల్చర్ ప్రాక్టికల్‌లో, ఏ బాక్టీరియా వెయ్యని కంట్రోల్ ప్లేటు ఒకటి పక్కన పెట్టించాను. అది శుభ్రంగా ఉంటేనే మిగతావి నమ్మాలి. మర్నాడు దాని మీద మూడు మచ్చలు మొలిచాయి. ఆ ప్లేటు పోసింది షాహీన్.

"అల్లా మీద ఒట్టు మేడం, నేను ముట్టలే."

"నువ్వు ముట్టకపోతే దయ్యం ముట్టిందా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టనన్నాను. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. ఆ పిల్ల సాయంత్రం దాకా స్టాఫ్‌రూమ్ బయట ఏడుస్తూ నిలబడింది. చివరికి విసుగొచ్చి, "రేపు నేనే పోస్తా. అప్పుడూ మచ్చలొస్తే నీ తప్పు లేదని ఒప్పుకుంటా, సరేనా?" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్ లోపల గడియ పెట్టుకుని నాలుగు ప్లేట్లు పోశాను. గట్టిపడేదాకా పక్కనే కూర్చున్నాను. ఒక్కోదానికీ టేపు చుట్టి, టేపు మీద సంతకం చేసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నాతోపాటు యాప్రాల్‌లోని మా ఇంటికొచ్చింది.

పొద్దున షాహీన్ ఎదుటే తాళం తీశాను. టేపులు చెక్కుచెదరలేదు. మూడు ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. నాలుగోదాని మీద మూడు మచ్చలు. మధ్యది కురచ.

అగార్ పాడైందని వాదించేదాన్నే. కానీ మచ్చల కింద గుంటలున్నాయి. సగం చల్లారినప్పుడు వేళ్ళు ఆనితేనే అలాంటి గుంటలు పడతాయి. ఆ సమయంలో, గడియ వేసిన గదిలో, ఆ ప్లేటు పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. నా మధ్యవేలు నిండుగా ఉంది.

"ఇవెవరి వేళ్ళు మేడం?" అంది షాహీన్, మెల్లగా.

రికార్డు లాక్కుని సంతకం పెట్టాను.

ఎవరితోనైనా వాదిస్తాను. ఆ గుంటలతో మాత్రం ఇవాళ్టికీ వాదించలేకపోతున్నాను. అగార్ చల్లారుతున్నంతసేపూ ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చోవడం మానేశాను.