నాయిన పక్కన జాగా

ఖాళీ జాగా కనిపిస్తే నాకు చేతులు దురద పెడతాయి. ఆ తప్పు నాది కాదు, నేను చేసే పనిది. జనగామ బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. పుట్టినరోజులు, పదవులు, పెళ్లిళ్లు, చావులు, అన్నీ నా కంప్యూటర్ మీదుగానే కరెంటు స్తంభాలెక్కుతాయి. పెద్దమనిషి బొమ్మ మధ్యలో ఎంత భారీగా పెట్టినా, చేయించుకోవడానికి వచ్చిన గిరాకీకి తృప్తి ఉండదు. ఈ మూలన జాగా ఉన్నది గదా, మా బామ్మర్దిని వెయ్యమంటాడు. బామ్మర్దిని వేశాక బామ్మర్ది దోస్తులు వస్తారు. వేలు పెట్టే సందు లేకుండా నిండితే గానీ మనిషి కుర్చీలోంచి లేవడు.

అలాంటి నేను నలభై దాటాక పాస్టెల్ బొమ్మలు నేర్చుకుందామని బయలుదేరాను. కారణం మా అమ్మ.

నాయిన పోయినప్పుడు ఆయనది విడిగా ఒక్క ఫోటో కూడా దొరకలేదు. ఎవరిదో పెళ్లిలో మగవాళ్ల గుంపు చివర నిలబడ్డ ఫోటో ఒకటి ఉంటే, అందులోంచి మసగ్గా ఉన్న తల కత్తిరించాను. పోయినవాళ్లందరికీ చేసినట్టే కోటు తొడిగి, టై కట్టి, వెనకాల నీలం మబ్బులు పెట్టి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే తయారు చేశాను. దాన్నే ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఆ మనిషి జన్మలో కోటు ముట్టినవాడు కాదు. బనీను, భుజాన తువ్వాల, అంతే. అమ్మ రోజూ ఆ ఫ్రేముకు దండం పెడుతుంది. ఒకరోజు దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది.

"గీ కోటాయనకు మొక్కీ మొక్కీ మీ నాయిన మొఖమే మర్శిపోతున్న బిడ్డా. నీ చేతుల పనున్నది గదా, జర ఆయన్ని గియ్యరాదు?"

నిజానికి నాకూ సరిగా గుర్తుకు రావడం లేదు. కళ్లు మూసుకుంటే కోటే కనిపిస్తోంది. ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా దుకాణానికీ ఇంటికీ తిరిగాను. కంప్యూటర్‌లో ఉన్నది ఆ కత్తిరించిన తల ఒక్కటే, దాన్ని ఎన్ని తిప్పులు తిప్పినా మనిషి రాడు. చేత్తో గీయాల్సిందే.

మహబూబాబాద్‌లో రిటైరైన డ్రాయింగ్ సారు ఒకాయన ఉన్నాడని తెలిసి ఆదివారాలు రైలెక్కడం మొదలుపెట్టాను. పాస్టెల్ అంటే రంగు సుద్దముక్కలే. పట్టుకుంటే పొడి, రుద్దితే బురద. ముందు ముదురు రంగు వెయ్యాలి, దాని మీద లేతది. వేలితో ఎక్కువ పులమకూడదు. ఇదంతా సారు నిమ్మళంగా చెబుతుంటే నాకు ఒళ్లు మండేది. నేను వచ్చింది నాయిన కోసం, ఈయన నా ముందు ఇత్తడి చెంబు, నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

గీసి చూపించాను. చెంబును సరిగ్గా నడుమ పెట్టి, నిమ్మకాయలను చుట్టూ సర్ది, మిగిలిన మూలల్లో నా సొంతంగా పువ్వులు వేశాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు బొమ్మ గీస్తలేవు తమ్మీ, ఫ్లెక్సీ గడుతున్నవ్. గా నిమ్మకాయల్ని కార్యకర్తల లెక్క నిలబెట్టినవ్."

పాత పెళ్లిపత్రిక అట్టకు మధ్యలో కిటికీలా కోసి నా చేతికిచ్చాడు. ఏది గీయాలన్నా ముందు దాంట్లోంచి చూడమన్నాడు. కాగితాన్ని నిలువునా అడ్డంగా మూడేసి పాళ్లు చేసుకుని, ముఖ్యమైనదాన్ని ఆ గీతలు కలిసే చోటికి జరపమన్నాడు. మిగిలింది వదిలెయ్యమన్నాడు. ఆ వదిలెయ్యడం దగ్గరే నా ప్రాణం పోయేది. తిరుగు రైల్లో బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, స్టేషన్ ఘన్‌పూర్ దాటేలోపు బొమ్మలోని ఆకాశంలో ఒక పిట్టల బారు దిగేది. ఇంకో వారం తాటిచెట్టు మొలిచేది. నా చెయ్యి నా మాట వినేది కాదు.

ఇంట్లో మాత్రం ముఖమే గీసేవాణ్ని. ముక్కు వచ్చేది, కళ్లు వచ్చేవి కావు. ఎన్నికల ముఖాలు దిద్దీ దిద్దీ చెయ్యి చెడిపోయింది. ఏ ముఖం మొదలుపెట్టినా చివరికి ఓట్లడుగుతున్నట్టు నవ్వేది. కాగితాలు చింపి పొయ్యిలో వేశాను. అమ్మ ప్రతి ఆదివారం సాయంత్రం గడపలో కూర్చుని అడిగేది, వచ్చిండా అని. నాయిన నాతోపాటు రైలు దిగాల్సినవాడైనట్టు. రాలేదమ్మా అనేవాణ్ని. చెప్పలేనంత సిగ్గుగా ఉండేది.

ఏడాది తిరిగాక ఒకనాడు సారు ఎదుటే, నాయిన ముఖం గీస్తున్న కాగితం నలిపేశాను. ఆయన కోప్పడలేదు. ముఖం సంగతి పక్కన పెట్టి, నాయిన ఎక్కడ కూర్చునేవాడో అది చెప్పమన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. భూపాలపల్లి జిల్లాలో, టేకుమట్ల దగ్గర మా ఊళ్లో, పని అయిపోయాక నాయిన పొలం గట్టు మీద వాగు వైపు తిరిగి కూర్చుని బీడీ తాగేవాడు. నేను వెనక నుంచి వెళ్లేవాణ్ని. నాకు బాగా తెలిసింది ఆయన వీపు.

మర్నాడే దుకాణం మూసి, హనుమకొండలో బస్సు మారి ఊరికి వెళ్లాను. పొలం ఇప్పుడు వేరేవాళ్లది, పత్తి వేశారు. గట్టు మాత్రం ఉంది. అట్ట కిటికీలోంచి చాలాసేపు చూశాను. కాగితం మీద నాయిన్ని ఎడమ వైపు కిందికి పెట్టాను. చిన్నగా, వెనక నుంచి, ఒక భుజం కొంచెం వంగి. మిగతా అంతా గట్టు, మబ్బు. కుడివైపు ఎడ్లో, వేపచెట్టో వెయ్యమని చెయ్యి ఒకటే గొడవ. సుద్దముక్కలు డబ్బాలో పెట్టి, డబ్బా సంచిలో పెట్టి, సంచి మీద కూర్చున్నాను.

ఇంటికి తెచ్చి ఇస్తే అమ్మ దాన్ని గడపలో వెలుతురుకు పట్టుకుంది. ఇది ఆయనే అంది. వడ్ల బస్తాలు మోసి మోసి ఆ భుజం వంగిందని కూడా చెప్పింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ఆమె చూపు ఇంకా కాగితం మీదే ఉంది. కుడివైపు ఖాళీగా ఉన్న గట్టు చూపించి, ఇక్కడ నన్ను గియ్యి అంది.

నాకు చిర్రెత్తింది. అది ఖాళీగా ఉంటేనే బొమ్మ అని సారు చెప్పిందంతా అప్పజెప్పాను. ఆమె వినలేదు. అసలు భయం అప్పుడు బయటపెట్టాను. పోయినవాళ్లున్న ఫ్రేములో బతికున్నవాళ్లను కూర్చోబెట్టరు మా దగ్గర, దండ ఇద్దరి మీదా పడుతుందని.

"పడితే పడనియ్యి. నలభై ఏండ్లు కాపురం జేసినం, ఒక్క ఫోటోల గూడ ఆయన పక్కన నేను లేను. ఉట్టి మొఖం కోసమే అడిగిననుకున్నవా?"

అలాగే అనుకున్నాను. ఏడాదంతా ఆ ముఖం వెంటే పడ్డాను. ఆయన పక్కన కూర్చోవాలని ఆమెకు ఉంటుందని ఒక్కనాడూ తోచలేదు. ఊళ్లో వాళ్లందరి బామ్మర్దులకూ జాగా దొరకబుచ్చిన నాకు అమ్మ గుర్తుకు రాలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ముదురు గోధుమ రంగు తీసి, నాయిన భుజానికి ఆనించి ఆమె కోసం లేతగా ఒక గుర్తు పెట్టాను. అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"అంత దగ్గర గాదు బిడ్డా, జర ఎడంగ గియ్యి. సూశెటోళ్లు ఏమనుకుంటరు?"

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆ గుర్తు దులిపేసి కొంచెం జరిపాను, మళ్లీ కొంచెం, ఆమె సరే అనేదాకా.